విలన్ గారి టీషర్టు

ఈ కాలం పిల్లలకి విలన్ అంటే ముందు జాలి, ఆ తర్వాతే కథ. థానోస్ చిటికె వేసి విశ్వంలో సగం ప్రాణుల్ని మాయం చేశాడంటే, "పాపం, వాళ్ల గ్రహంలో తిండికి కటకట" అంటారు. జోకర్ తుపాకీ తీశాడంటే, "పాపం, చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తిన్నాడో" అంటారు. ప్రతి విలన్ జేబులోనూ చిన్ననాటి కష్టాల కాగితం ఒకటి సిద్ధంగా ఉంటుంది, మెడికల్ లీవుకి డాక్టరు దగ్గర రాయించుకొచ్చిన సర్టిఫికెట్ లాగా. చూపించగానే మనం సంతకం పెట్టి పంపించెయ్యాలి.

మా మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ మధ్య ఆన్‌లైన్లో ఒక నల్ల టీషర్టు తెప్పించాడు. గుండెల మీద ఇంగ్లీషులో మూడే మాటలు. తెలుగులో చెప్పాలంటే, మాగ్నెటో చెప్పిందే కరెక్టు అని. మాగ్నెటో అంటే ఎక్స్-మెన్ అనే అమెరికన్ కామిక్స్‌లో విలన్. "ఏ విషయంలోరా కరెక్టు?" అని అడిగాను. "అన్నిట్లోనూ, తాతయ్యా" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

అన్నిట్లోనూనట! ఉద్యోగమంతా హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా వెళ్లబుచ్చినవాణ్ణి. నూటికి నూరు వేసే అలవాటు మాకు లేదు.

మా రోజుల్లో ఈ మాగ్నెటో ఫోన్లో దొరికేవాడు కాదు. ఎనభైల్లో ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తవ్వితే దొరికేవాడు. అట్ట ఉంటే చివరి పేజీ ఉండదు, చివరి పేజీ ఉంటే మధ్యలో ఎవడో బాల్‌పెన్నుతో హీరోయిన్‌కి మీసాలు గీసి ఉంటాడు. నేను కొనేది బొమ్మల కోసం. ఆ కామిక్స్ చిత్రకారుడు జాక్ కిర్బీ గీసిన పిడికిలి ఎప్పుడైనా పరకాయించి చూశారా? వేళ్ల చివర్లు చెక్కినట్టు పలకలుగా ఉంటాయి. పిడికిలి కాగితం దాటి మన మొహం మీదికే వస్తుంది, వెనకున్న మనిషి అంతకంతకీ చిన్నవాడైపోతాడు. మా పిల్లలకి దూరాన్ని బట్టి బొమ్మ కొలతలు ఎలా మారతాయో చెప్పాలంటే, సిలబస్ పుస్తకం పక్కన పెట్టి ఆ పేజీలే బల్ల మీద పరిచేవాణ్ణి. అలా బొమ్మల కోసం తెచ్చుకున్నవాటిలోంచే ఈ విలన్ నా బుర్రలో దూరాడు.

ఎక్స్-మెన్ మొదటి సంచిక అట్ట మీద తేదీ 1963 సెప్టెంబరు. రాసింది స్టాన్ లీ, గీసింది కిర్బీ. విలన్ మాగ్నెటో. ఇనుము ఎక్కడుంటే అక్కడ అతని మాట చెల్లుతుంది. మొదటి కథలోనే కేప్ సిటడెల్ అనే క్షిపణి కేంద్రం మీద పడి దాన్ని హస్తగతం చేసుకుంటాడు. ఎందుకయ్యా అంటే, మనలాంటి మామూలు మనుషుల రోజులు అయిపోయాయి, ఇక శక్తులతో పుట్టిన మ్యూటెంట్లదే రాజ్యం, ఆ రాజ్యానికి తనే రాజు. అంతే సంగతి. తల్లి లేదు, తండ్రి లేడు, ఏ ఊరివాడో తెలీదు. నాలుగో సంచికలో పార్టీ పెట్టాడు. దానికి తనే పెట్టుకున్న పేరు దుష్ట మ్యూటెంట్ల సోదర సంఘం. ఎన్నికల్లో నిలబడే ఏ పార్టీకైనా ఇంత నిజాయితీ ఉందేమో చూపించండి. ఆ సంఘంలో టోడ్ అని ఒక గూనివాడుంటాడు. వాణ్ణి కాలితో తన్నడం నాయకుడి దినచర్య. వాండా, పియట్రో అని ఇద్దరు తోబుట్టువులు ఉంటారు. ఊరి జనం ఆ అమ్మాయిని చంపబోతే కాపాడాడు కాబట్టి ఆ రుణం పేరు చెప్పి ఇద్దర్నీ వాడుకుంటాడు. గుర్తుపెట్టుకోండి, పిల్లల్ని రుణం పేరుతో కట్టిపడెయ్యడం ఇతనికి మొదటినుంచీ ఉన్న గుణం.

అదే 1963లో ఇక్కడ నర్తనశాల వచ్చింది. కీచకుడిగా రంగారావుగారు! ఆ చూపు, ఆ నడక, పెదవి చివర ఆ చిన్న నవ్వు. జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కూడా ఆ వేషానికే ఇచ్చారు. హాల్లో ఒక్కడైనా "పాపం, కీచకుడి బాల్యం ఎలా గడిచిందో" అన్నాడా? భీముడి చేతిలో పోయాడు, హమ్మయ్య అనుకున్నాం, ఇంటికెళ్లి అన్నం తిన్నాం.

అమెరికాలో విలన్‌కి అలా గతం లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, మా మనవడికి తెలీదు. 1954లో అక్కడ కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని పెద్ద గోల లేచింది. వెర్థామ్ అనే మానసిక వైద్యుడు పుస్తకం రాశాడు, సెనేట్ సబ్‌కమిటీ విచారణ పెట్టింది. ప్రభుత్వం కత్తెర పట్టుకునేలోపు పబ్లిషర్లే తమ మీద తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. నేరస్తుడి మీద చదివేవాడికి సానుభూతి కలిగేలా నేరాన్ని చూపించకూడదన్నది అందులో ఒక నియమం. ఆ నియమావళి ముద్ర పడని పుస్తకాన్ని చాలా దుకాణాలవాళ్లు తీసుకునేవాళ్లు కాదు. అట్ట మూలన తపాలాబిళ్లంత పెట్టెలో ఆ ముద్ర ఉండేది, నా దగ్గర మిగిలినవాటి మీద ఇప్పటికీ ఉంది. 1971లో ఆ నియమాన్ని కొంత సడలించారు. అంటే 1963లో స్టాన్ లీకి బుద్ధి పుట్టినా విలన్ చేత కన్నీళ్లు పెట్టించడం అంత తేలిక కాదు. పైగా పుట్టలేదు కూడా.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. యూట్యూబ్‌లో ప్రతి కుర్రాడూ చెప్పేస్తాడు, ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ జేవియర్ అంటే మార్టిన్ లూథర్ కింగ్ అనీ, మాగ్నెటో అంటే మాల్కం ఎక్స్ అనీ, మొదటి రోజే అలా రాసి పెట్టారనీ. నాయనా, ఆ మొదటి సంచిక తెరిచి చూడు. అందులో ఉన్నది క్షిపణులు దొంగిలించే ఒక ఎర్ర శిరస్త్రాణం. అంత పెద్ద మనిషి మాల్కం ఎక్స్‌ని తెచ్చి, గూనివాణ్ణి తన్నే ఈ ఘరానా మనిషి పక్కన కూర్చోబెట్టడం ఏ న్యాయం? కిర్బీ అసలు పేరు జేకబ్ కుర్ట్జ్‌బర్గ్, వలసొచ్చిన యూదుల బిడ్డ. 1941లోనే కెప్టెన్ అమెరికా చేత అట్ట మీద హిట్లర్ దవడ పగలగొట్టించిన ఇద్దరిలో ఒకడు. తర్వాత ఫ్రాన్స్‌కి వెళ్లి సిపాయిగా యుద్ధం చేసి వచ్చాడు. అతనికి చెప్పాల్సింది లేక కాదు. మాగ్నెటో ద్వారా చెప్పలేదు, అంతే.

చెప్పినవాడు వేరే. క్రిస్ క్లేర్‌మాంట్. ఎక్స్-మెన్ 1970 నాటికి పడకేసింది. కొత్త కథలు ఆగిపోయి పాతవే మళ్లీ అచ్చేసుకుంటున్నారు. 1975లో ఈ కుర్రాడి చేతికిచ్చారు. వదలకుండా 1991 దాకా రాశాడు. మాగ్నెటోకి ఒక గతం ఇచ్చింది 1981 అక్టోబరు నాటి 150వ సంచికలో. మొదటి సంచికకీ దీనికీ మధ్య పద్ధెనిమిదేళ్లు! ఇప్పుడైతే టైటిల్స్ పడకముందే ఇచ్చేస్తారు.

ఆ 150వ సంచిక నా దగ్గర ఉండేది. బొమ్మలు డేవ్ కాక్రమ్‌వి. మాగ్నెటో ఒక దీవిలో కూర్చుని ప్రపంచ దేశాలన్నిటికీ తాఖీదు పంపుతాడు. అణ్వాయుధాలు వదిలెయ్యండి, పెత్తనం నాకు అప్పగించండి అని. మొదటి సగం వింటే ఎవరికైనా బాగానే ఉంటుంది. ప్రచ్ఛన్న యుద్ధం రోజులు, ఏ పూట ఎవడు బటన్ నొక్కుతాడో అని మేం కూడా పేపర్లు చూసి దిగులుపడేవాళ్లం. సోవియట్ జలాంతర్గామి లెనిన్‌గ్రాడ్ అతని మీదికి క్షిపణులు వదులుతుంది. అతను వాటిని ఆపి, ఆ జలాంతర్గామిని లోపలి నావికులతో సహా ముంచేస్తాడు. ఆ కాసిని బొమ్మలూ పక్కనే పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

తర్వాత అతని యంత్రాన్ని పాడుచెయ్యడానికి ఒక పిల్ల లోపలికి వెళుతుంది. కిటీ ప్రైడ్, ఇంకా పద్నాలుగు నిండలేదు. గోడల్లోంచి నడిచిపోయే శక్తి ఆ పిల్లది. కోపంలో వెనకాముందూ చూడకుండా తన శక్తినంతా ఆ పిల్ల మీదికి వదులుతాడు. పిల్ల కూలిపోతుంది. అప్పుడు చూస్తాడు, తను కొట్టింది ఎవర్నో. చిన్నపిల్ల. చేతుల్లోకి తీసుకుంటాడు. అప్పుడు, అంత కథ నడిచాక, మొదటిసారి చెప్తాడు తన చిన్నతనం ఆష్విట్జ్‌లో గడిచిందనీ, తనవాళ్లని గ్యాస్ గదులకి తోలినవాళ్లు వేళాకోళాలాడుతూ తోలారనీ. వాళ్లకి మా ప్రాణాలు లెక్కలేనట్టే నాకూ మనుషుల ప్రాణాలు లెక్కలేకుండా పోయాయంటాడు. పిల్ల బతికిందనుకోండి. కానీ ఆ క్షణంలో చచ్చిపోయిందనే అతను అనుకున్నాడు.

గమనించారా? దుఃఖం చెప్పుకున్నది క్షమించమని కాదు. తను ఎవరిలా తయారయ్యాడో ఆ పిల్ల మొహంలో చూసుకున్నాడు కాబట్టి చెప్పాడు. అతని గతం అతన్ని వెనకేసుకురాలేదు, అతని మీదే సాక్ష్యం చెప్పింది. పాతకాలం పనితనం అంటే ఇదీ. ఇప్పటివాళ్లు అదే ఆష్విట్జ్‌ని తీసుకొచ్చి ముందు పెట్టి, దాని నీడలో తర్వాత అతను చేసే ప్రతిదాన్నీ దాచిపెడతారు.

క్లేర్‌మాంట్ మనసులో ఉన్నది మాల్కం ఎక్స్ కూడా కాదు. ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు, మెనహెం బెగిన్ అని. ఈ పేరు వినగానే మా మనవడు తెల్లమొహం వేశాడు. బెగిన్ నాయకత్వంలోని ఇర్గున్ అనే యూదు సాయుధ ముఠా 1946లో జెరూసలేంలో కింగ్ డేవిడ్ హోటల్‌ని పేల్చింది. తొంభై మందికి పైగా పోయారు. అదే మనిషి 1977లో ఇజ్రాయెల్ ప్రధాని అయ్యాడు, 1978లో ఈజిప్టు సాదత్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. అతని తల్లిదండ్రులూ అన్నా నాజీల కాలంలోనే పోయారు. ఈ సంగతుల్లో ఏ ఒక్కటి కొట్టేసినా ఆ మనిషి మనకి అర్థం కాడు. అలాంటివాణ్ణి కామిక్స్‌లో పెడితే ఎలా ఉంటుందన్నది క్లేర్‌మాంట్ ప్రశ్న. దీన్ని టీషర్టు మీద ఎలా అచ్చేస్తారు?

ఇంకోటి చెప్పాలి. 1982లో వచ్చిన "గాడ్ లవ్స్, మాన్ కిల్స్" అనే పెద్ద పుస్తకం. బొమ్మలు బ్రెంట్ ఆండర్సన్. మొదటి పేజీల్లోనే ఇద్దరు నల్లజాతి పిల్లలు, అన్నాచెల్లెళ్లు, మ్యూటెంట్లన్న ఒకే ఒక్క నేరానికి చంపబడతారు. చంపి బడి ఆటస్థలంలో ఉయ్యాలకి కట్టి వేలాడదీసి పోతారు, పొద్దున వచ్చే మిగతా పిల్లలు చూడాలని. చీకట్లో వచ్చి ఆ ఇద్దర్నీ కిందికి దింపేది ఎవరు? మాగ్నెటో. బడి పిల్లల కంట ఆ దృశ్యం పడకముందే. బళ్లో పనిచేసినవాణ్ణి కదా, ఆ పేజీ తిప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. మంచివాళ్లెవరూ ఆ పూట అక్కడ లేరు. జేవియర్ టీవీ చర్చల్లో కూర్చుని మర్యాదగా వాదించేవాడు. ఆ పుస్తకం మూసేటప్పటికి మాగ్నెటో వైపు మనసు మొగ్గని మనిషి ఉండడు. నాకూ మొగ్గింది.

కానీ లెనిన్‌గ్రాడ్ పక్కనే పెట్టుకోమన్నాను కదా. క్లేర్‌మాంట్ మర్చిపోలేదు. 1985 డిసెంబరు, 200వ సంచిక. పారిస్‌లో మాగ్నెటో మీద అంతర్జాతీయ విచారణ. ముద్దాయి తరఫున వాదించేది గాబ్రియెల్ హాలర్, తను కూడా నాజీ శిబిరం నుంచి బయటపడ్డ మనిషి. హైఫా ఆసుపత్రిలో ఆవిడ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న రోజుల నుంచీ వీళ్లకి పరిచయం. ఈ విచారణలో ఒక వకీలు తమాషా ఉంది. 1974లో వేరే పత్రికలో ఎవరో రచయిత, మాగ్నెటోని పసిబిడ్డగా మార్చేశాడు. తర్వాత ఇంకో కథలో మళ్లీ పెద్దవాణ్ణి చేశారు. కాబట్టి పసిబిడ్డ కాకముందు చేసిన నేరాలు ఈ జన్మవి కావని కోర్టు కొట్టేస్తుంది! మన జిల్లా కోర్టుల్లో ఇంకా ఎవరూ ఈ పాయింటు లేవదీయలేదు, ఆశ్చర్యమే. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్రాడంటే ఇప్పటికి వందకి దగ్గరపడాలి. ఎముకలు ఇంకా గట్టిగా ఎలా ఉన్నాయంటే, ఆ పసిబిడ్డ కథే జవాబు.

అయితే లెనిన్‌గ్రాడ్ మాత్రం కొట్టివెయ్యలేదు. అది మళ్లీ పెద్దవాడయ్యాక చేసింది. దానికి జవాబు చెప్పాల్సిందే. చెప్పేలోపు దాడి జరుగుతుంది, విచారణ చెదిరిపోతుంది, జేవియర్ ప్రాణం మీదికొచ్చి తన బడి బాధ్యత ఇతనికి అప్పగిస్తాడు. తీర్పు రాలేదు. విలన్ హెడ్మాస్టరయ్యాడు, మెడ మీద కేసు అలాగే ఉంది. ఆ రోజుల్లో చదివి విసుక్కున్నాను, ఇదేం ముగింపు అని. తర్వాత చాలా నాళ్లకి అనిపించింది, ఆ నావికుల విషయంలో తీర్పు చెప్పే ధైర్యం చెయ్యకపోవడమే రచయిత మర్యాద అని.

మా మనవడికి ఇదంతా చెబితే ఒక్కటే మాట అన్నాడు. "మరి నువ్వు దాన వీర శూర కర్ణలో దుర్యోధనుడికి ఈలలు వెయ్యలేదా, తాతయ్యా?"

వేశాను. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా అది, వెయ్యనివాడెవడు? దుర్యోధనుడికి డ్యూయెట్ పెట్టారు, కర్ణుడి కోసం నిండు సభలో కులాన్ని నిలదీసే మాటలు పెట్టారు. కొండవీటి వెంకటకవి గారి కలం, రామారావుగారి గొంతు. ఆ మాటలు కంఠతా రానివాడు మా స్టాఫ్ రూములో లేడు. కానీ ఒరేయ్, ఈలలు వేసి ఇంటికొచ్చాక కూడా ద్రౌపది విషయంలో దుర్యోధనుడు చేసింది తప్పేనన్న సంగతి మా అందరికీ తెలుసు. సుయోధనుడు చెప్పిందే కరెక్టని చొక్కా మీద రాసుకుని బజార్లో తిరగలేదు. పైగా ఆ సినిమాలో దుర్యోధనుడిగా వేసిన రామారావుగారే కృష్ణుడి వేషమూ వేశారు. ఒకే మొహం రెండువైపులా వాదిస్తుంటే, ఏ ఒక్కవైపు పూర్తిగా ఒరిగిపోవడానికీ మాకు వీలుండేది కాదు.

అన్నట్టు, ఆ టీషర్టు ఎక్కణ్ణించి పుట్టిందో వీడికి తెలుసా? అది కూడా కామిక్స్‌లోదే. గ్రాంట్ మోరిసన్ రాసిన న్యూ ఎక్స్-మెన్‌లో, ఇరవై ఏళ్ల కిందట. వేసుకున్నది క్వెంటిన్ క్వైర్ అని జేవియర్ బళ్లో చదివే ఒక కుర్రాడు. మహా తెలివైనవాడు, అంతకు మించిన పొగరుబోతు. మత్తుమందు పీల్చి, తనలాంటి నలుగుర్ని వెంటేసుకుని బళ్లో అల్లరి లేవదీస్తాడు, ప్రాణాలు పోతాయి. అంటే రచయిత ఆ టీషర్టు కుట్టించింది వెక్కిరించడానికి! వెక్కిరింతని వెక్కిరింత అని తెలీకుండా డబ్బులిచ్చి కొనుక్కోవడం ఈ తరానికే చెల్లింది. అక్కడితో ఆగాడా మోరిసన్? ఆ తర్వాత ఇంకో కథలో మాగ్నెటో చేత మాన్‌హటన్‌ని ధ్వంసం చేయించి, మనుషుల్ని దహన కొలుముల వైపు తోలించాడు. ఆష్విట్జ్ పిల్లాడు తనే ఆష్విట్జ్ కట్టాడన్నమాట. చదివినవాళ్లు గగ్గోలు పెట్టారు. కంపెనీవాళ్లు ఏం చేశారు? అది అసలు మాగ్నెటో కాదు, వేషం వేసుకున్న ఇంకొకడు అని తర్వాత తేల్చేశారు. విలన్ మీద మరక పడితే ఉతికి ఆరెయ్యడానికి ఇప్పుడు ఒక డిపార్ట్‌మెంటే ఉన్నట్టుంది.

2000 సంవత్సరంలో వచ్చిన సినిమాని మాత్రం నేను తిట్టను. మొదటి దృశ్యమే 1944 పోలండ్, బురద, వర్షం, ఇనుప గేటు, అమ్మానాన్నల్నించి విడదీసిన కుర్రాడు చెయ్యి చాపితే వంగిపోయే ఆ గేటు. ఇందాక ముందే చూపించేస్తారని తిట్టాను కదా, ఇక్కడా ముందే చూపించారు. కానీ చివర్లో ఇయాన్ మెకెల్లన్ మాగ్నెటో ఏం చేస్తాడు? దేశాధినేతలందర్నీ మ్యూటెంట్లుగా మార్చే యంత్రం కడతాడు. దాన్ని నడిపితే నడిపినవాడి ప్రాణం పోతుంది. అందుకని రోగ్ అనే పిల్లని తెచ్చి అందులో కట్టేస్తాడు. నీ ఆశయం అంత గొప్పదైతే నువ్వే ఎక్కి కూర్చోవచ్చుగా అని ఎక్స్-మెన్‌లో ఒకడైన వుల్వరీన్ మొహం మీదే అడిగేస్తాడు. వాండా, పియట్రోల కాలం నుంచి ఉన్న ఆ గుణం చూశారా, ఎక్కడికీ పోలేదు. ఇదంతా చెప్పి, "ఇందులోనూ కరెక్టేనా?" అని మనవణ్ణి అడిగాను. "అది వేరే టైమ్‌లైన్ తాతయ్యా" అన్నాడు. మా రోజుల్లో తప్పు చేస్తే గోడకుర్చీ వేయించేవాళ్లం. ఇప్పుడు టైమ్‌లైన్ మార్చుకుంటున్నారు.

కొత్త ఎవెంజర్స్ సినిమాలో మెకెల్లన్ మళ్లీ వస్తున్నాడట. 2025 మార్చిలో కుర్చీల వెనక నటుల పేర్లు ఒక్కొక్కటే చూపిస్తూ గంటల తరబడి ప్రకటించారు. మా మనవడు చదువు మానేసి మొత్తం చూశాడు. మెకెల్లన్ 1939లో పుట్టాడు, నాకంటే పెద్దాయన. ఆ వయసులో ఆ శిరస్త్రాణం మోస్తున్నాడంటే చూడకుండా ఎలా? టికెట్లు తనే తీస్తానన్నాడు మనవడు, ఆ టీషర్టే వేసుకొస్తానని కూడా అన్నాడు. సరే, పక్క సీట్లో కూర్చుంటాను. ఇంటర్వెల్లో ఆ పాప్‌కార్న్ రేటు చూసి నేనేమైనా అంటే మాత్రం వీడు మధ్యలో మాట్లాడకూడదు.